పళ్ళెం మీద పేరు

పెన్సిల్వేనియాలో మా ఇంటికి అరగంట దూరంలో ప్రతి ఆదివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. పదేళ్ళ కిందట అక్కడ 15 డాలర్లు పెట్టి ఒక రేకు పళ్ళెం కొన్నాను. గుండ్రంగా, అడుగు వెడల్పు ఉంటుంది. మధ్యలో పీపాని గోళ్ళతో పట్టుకున్న గద్ద బొమ్మ, దాని చుట్టూ “యింగ్లింగ్” అన్న పేరు. పూర్వం బీరు కంపెనీలు ప్రచారం కోసం పంచిన పళ్ళేల్లో అదొకటి. ఇంటికి తెస్తే మా ఆవిడ నాకేసి అనుమానంగా చూసింది. నేను బీరు ముట్టనని ఆమెకి తెలుసు, ఈ వ్యాసం చదువుతున్న మీకూ ముందే చెబుతున్నాను.

నన్ను ఆకర్షించింది బీరు కాదు, పళ్ళెం మీద పేరు. తణుకులో మా నాన్నగారికి గిన్నెల కొట్టు ఉండేది. అజ్జరం నుంచి ఇత్తడి సామాను వచ్చేది. పెళ్ళికి బిందె కొన్నా, గృహప్రవేశానికి పళ్ళెం కొన్నా, కొట్టు అరుగు మీద కూర్చున్న మనిషి చిన్న ఉలితో టకటకా పేరు కొట్టి ఇచ్చేవాడు. మీలో చాలామంది అమెరికా వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చుకున్న స్టీలు గిన్నెల అంచున ఇప్పటికీ అమ్మ పేరో అమ్మమ్మ పేరో ఉండే ఉంటుంది. పేరున్న పళ్ళేన్ని పరాయి ఊరి సంతలో వదిలేసి రాలేకపోయాను.

తీరా కొన్నాక, ఇంజనీరు బుద్ధి కదా, దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం మొదలుపెట్టాను.

జర్మనీ నుంచి వలస వచ్చిన డేవిడ్ గాట్లీబ్ యుంగ్‌లింగ్ 1829లో పాట్స్‌విల్ అనే బొగ్గుగనుల ఊళ్ళో “ఈగిల్ బ్రూవరీ” పెట్టాడు. అమెరికా వచ్చాక ఆయన ఇంటిపేరు యింగ్లింగ్ అయింది. పేరు విని చైనా కంపెనీ అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఆ జర్మన్ మాటకి కుర్రవాడు అని అర్థం. 1831లో ఆ బ్రూవరీ కాలిపోతే, మహంటాంగో వీధిలో కొండవాలున మళ్ళీ కట్టాడు. ఫ్రిజ్‌లు లేని కాలం కనుక, కొండలోకి సొరంగాలు తవ్వించి ఆ చల్లదనంలో బీరు నిలవ చేసేవారు. 1873లో కొడుకు ఫ్రెడరిక్ భాగస్వామి అయ్యాక కంపెనీ పేరు చివర “అండ్ సన్” చేరింది. అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న బ్రూవరీల్లో అతి పాతది ఇదే.

ఇంతకీ బీరు కంపెనీకి పళ్ళెంతో పనేమిటి? ఆ రోజుల్లో బీరు ఎక్కువగా పీపాల్లోనే సెలూన్లకి వెళ్ళేది. గ్లాసులో పోశాక ఎవరి సరుకో తాగేవాడికి తెలిసేది కాదు. గ్లాసు మీద లేని పేరు గ్లాసు తెచ్చే పళ్ళెం మీద ఉంటే చాలనుకున్నారు.

రేకు మీద రంగుల బొమ్మ అచ్చువేయడం అంత సులువేమీ కాదు. లిథోగ్రఫీలో బొమ్మ రాతి మీద ఉంటుంది. రాయీ గట్టిదే, రేకూ గట్టిదే, రెండూ నేరుగా ఆనితే రంగు సరిగా పట్టదు. 1875లో లండన్‌లో రాబర్ట్ బార్‌క్లే ఆ రెంటికీ నడుమ ఒక మెత్తటి సిలిండర్‌ని పెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. రాతి మీది బొమ్మ ముందు సిలిండర్‌కి, దాని నుంచి రేకుకి ఎక్కుతుంది. రేకు చదునుగా ఉన్నప్పుడే రంగులన్నీ అద్ది, తర్వాత ప్రెస్సులో నొక్కితే అంచు లేచి పళ్ళెం అవుతుంది.

ఈ పనికి అమెరికాలో పేరు మోసిన ఊరు ఒహాయోలోని కొషాక్టన్. జాస్పర్ మీక్ అనే పత్రికాధిపతి అక్కడ చెప్పుల దుకాణం పేరు అచ్చువేసిన బడిసంచులతో మొదలుపెట్టి, చివరికి రేకు బొమ్మలదాకా వచ్చాడు. మీక్ కంపెనీ 1909లో “అమెరికన్ ఆర్ట్ వర్క్స్” అయింది. కోకాకోలా పళ్ళేలు చాలా ఏళ్ళు అక్కడే తయారయ్యాయి. అందుకే కలెక్టర్లు పళ్ళెం దొరకగానే బొమ్మ కన్నా ముందు అంచున చిన్న అక్షరాల్లో ఉండే తయారీదారు పేరు వెతుకుతారు. మీక్ పేరుంటే అది 1909కి ముందుదని లెక్క.

1920లో మద్యనిషేధం వచ్చి, వెయ్యికి పైగా బ్రూవరీలు ఒక్కసారిగా చిక్కులో పడ్డాయి. యింగ్లింగ్ వాళ్ళు ఎదురుగా పాలడెయిరీ పెట్టి ఐస్‌క్రీం అమ్మారు, మత్తులేని బీరు చేశారు, ఎలాగో 13 ఏళ్ళు నెట్టుకొచ్చారు. 1933లో నిషేధం ఎత్తేశాక “విన్నర్ బీర్” అని పేరు పెట్టి ఒక లారీ సరుకు ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కి పంపారు. చాలా కుటుంబాలు మాత్రం మళ్ళీ తలుపులు తెరవలేదు. తెరిచినవాటినీ తర్వాత పెద్ద కంపెనీలు మింగేశాయి. 1970ల చివరికి దేశం మొత్తం మీద వందలోపు మిగిలాయి. కలెక్టర్లు సంఘాలు పెట్టుకుని పళ్ళేలు పోగుచేసింది కూడా ఆ దశాబ్దంలోనే.

“ఇది ఇంత చవకేం?” అని సంతలో ఆ ముసలాయన్ని అడిగాను. “ఆ కంపెనీ ఇంకా బతికుంది కదా, మూతపడ్డవాటికే గిరాకీ” అన్నాడు నవ్వుతూ.

మరి వీళ్ళొక్కళ్ళు ఎలా నిలిచారు? వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. బ్రూవరీ వారసత్వంగా రాదు, తర్వాతి తరం దాన్ని తండ్రి దగ్గర డబ్బిచ్చి కొనుక్కోవాలి. అయిదో తరం డిక్ యింగ్లింగ్ తండ్రితో పడక బయటికి వెళ్ళి కొన్నేళ్ళు బీరు పంపిణీ వ్యాపారం చేసుకున్నాడు. 1985లో తిరిగివచ్చి కొనుక్కున్నాడు. ఆయన నలుగురు కూతుళ్ళూ ఆ కంపెనీలోనే చేరారు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నగారు కొట్టు నాకు ఊరికే ఇస్తానన్నారు, నేను ఇంజనీరింగ్ చదివి విమానం ఎక్కాను. ఆయన దాన్ని గుమస్తా చేతిలో పెట్టారు. అతను నెలనెలా వాయిదాలు కట్టి ఆరేళ్ళలో బాకీ తీర్చాడు. వంశం చేతిలో నిలవని కొట్టని ఇన్నాళ్ళూ నేను లోలోపల కుమిలిపోయేవాణ్ణి. పాట్స్‌విల్ లెక్క ప్రకారం చూస్తే ఆ కొట్టుకి సరైన వారసుడు అతనే, ధర చెల్లించింది అతనే కనుక.

కిందటి వేసవిలో మా అమ్మాయిని తీసుకుని తణుకు వెళ్ళాను. బోర్డు మీద ఇంకా నాన్నగారి పేరే ఉంది. ఇత్తడి పళ్ళెం ఒకటి తీసుకున్నాను. డబ్బు వద్దన్నాడు. బలవంతం చేసి, పూర్తి ధర అతని చేతిలో పెట్టాను.

“అబ్బాయిగారూ, ఎవరి పేరు కొట్టమంటారు?” అన్నాడు.

మా అమ్మాయి పేరు చెప్పాను. ఇప్పుడు పేర్లు కొట్టేది చిన్న మిషను. ఆ తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, అది తన పేరు తనే చదువుకుంది.