ఒక వడ్రంగి చేవ్రాలు

ఇల్లు కట్టించినవాని పేరు లోకము తరతరములు చెప్పుకొనును. కట్టినవాని పేరు గృహప్రవేశమునాడే మఱచును. ఈ యాచారమునకు లొంగని కొయ్యయిల్లొకటి ఇంగ్లాండు వాయవ్యభాగమునందలి చెషైర్ మండలమున గలదు. దాని పేరు లిటిల్ మోర్టన్ హాల్.

చుట్టును నీటి కందకము, నడుమ ముంగిలి, దానికి మూడువైపుల గదులు. మోర్టన్ వంశపు భూస్వాములు సుమారు 1504లో పెద్దచావడితో పని మొదలిడి, నూఱేండ్లపాటు కొంచెముకొంచెముగా ఇంటిని పెంచుచు వచ్చిరి. ఇచ్చట బరువును మోయునది గోడ కాదు, ఓక్ కలపతో గట్టిన చట్రము. ఒక కఱ్ఱ కొనను సన్నగా చెక్కి వేఱొకదాని బెజ్జమున దూర్చి, అడ్డముగా కొయ్యమేకు దిగగొట్టుట ఆ దేశపు వడ్రంగుల పద్ధతి. పచ్చికలపతోనే పనిచేయుదురు, అది ఆఱినకొలది అతుకులు బిగిసికొనును. చట్రము నడిమి ఖాళీలను తడికలల్లి, మట్టియు గడ్డియు కలిపి మెత్తి, పైని సున్నము పూయుదురు. తడికగోడ మన పల్లెలకు క్రొత్తది కాదు గనుక ఈ నేర్పు మన పాఠకులకు సులభముగనే బోధపడును.

ముంగిలివైపు గోడనుండి పొడుచుకొనివచ్చిన గొప్ప గవాక్షములు రెండు గలవు. వానిపై కొయ్యలో చెక్కిన వ్రాత యున్నది. దైవస్మరణ మొదట, ఈ కిటికీలను 1559లో విలియం మోర్టన్ చేసెనని పిమ్మట, రిచర్డ్ డేల్ అను వడ్రంగి దైవానుగ్రహమున వీనిని చేసెనని తుదను. ధనమిచ్చినవానికిని ఉలి పట్టినవానికిని క్రియ యొక్కటియే: 'చేసెను'. ఆ కాలమున ఇంగ్లీషు వర్ణక్రమము స్థిరపడలేదు. డేల్ తన వృత్తిపేరు వ్రాసిన తీరు నేటి నిఘంటువున దొరకదు. అయినను ఆ వంకర యక్షరములు మాకు తామ్రశాసనముకంటె విలువగలవిగా తోచుచున్నవి.

సుమారు 1560-62 నడుమ దక్షిణభాగమును గట్టుచుండగా, పైయంతస్తున 68 అడుగుల దీర్ఘశాల నొకదానిని చేర్చిరి. ఇది మొదటి యూహలో లేనట్లు తోచును. కప్పునకు పఱచినవి బరువైన ఇసుకరాతి పలకలు. ఆ భారమునకు క్రింది చట్రము వంగినది, నేల యెగుడుదిగుడైనది; కాని కొయ్య వంగియు విఱుగలేదు. ఆ శాల రెండు చివరలను సున్నపు బొమ్మలు గలవు. ఒకవైపు అదృష్టదేవత చక్రము: దానిని నడపునది అజ్ఞానమని వ్రాత. రెండవవైపు విధిగోళము: దానిని ఏలునది జ్ఞానమని వ్రాత.

చక్రము ఆ వంశమువారికే తిరిగెను. 1642లో మొదలైన అంతర్యుద్ధమున వారు రాజపక్షము వహించి అప్పులపాలైరి. ఆ శతాబ్దము ముగియకమునుపే ఇల్లు కౌలురైతుల చేతికి పోయినది. పందొమ్మిదవ శతాబ్దమున ప్రార్థనామందిరములో బొగ్గులు పోసికొనిరి. 1892లో శిథిలప్రాయమైన యీ యింటికి ఎలిజబెత్ మోర్టన్ అను సన్న్యాసిని వారసురాలయ్యెను. ఆమె ప్రార్థనామందిరమును బాగుచేయించి, ఇంటిని ఎన్నడును అమ్మరాదను నియమముతో 1912లో ఒక బంధువునకు వ్రాసియిచ్చెను. ఆయన దానిని సందర్శకులకు తెఱచెను. 1938లో అది నేషనల్ ట్రస్టు వశమై ప్రజల సొత్తయ్యెను. సంపన్నుడు కట్టించిన యిల్లు సంపదవలన నిలువలేదు. వడ్రంగి బిగించిన అతుకులవలనను, సర్వసంగపరిత్యాగినియైన యొక స్త్రీ శ్రద్ధవలనను నిలిచినది.

మన పెద్దల యిండ్లలోను చెక్కిన ద్వారబంధములు, నగిషీ స్తంభములు గలవు. వానిని వంటచెఱకుగా అమ్మివేయుచున్న గృహస్థులారా! అమ్మకమునకు ముందు అవి యెవరి చేతిపనియో పెద్దలనడిగి తెలిసికొనుడు. పేరు దొరకినచో ఇంటి పుస్తకమున వ్రాసియుంచుడు. తాత పేరు తెలిసి, తాతకు నీడ నిచ్చినవాని పేరు తెలియని చరిత్ర సగము చరిత్రయే.