ఎవరు కాల్చినారు, ఏది కాలినది?

ఆ మధ్య ఒక ధ్వనిముద్రణ పనిమీద మేము పల్నాటికి వెళ్ళవలసి వచ్చినది. నకరికల్లు అడ్డరోడ్డు దగ్గర కారు ఆపి టీ త్రాగుచుండగా, రోడ్డు వారనున్న చేనిలో ఎడ్ల పందెమునకు ఏర్పాట్లు జరుగుట కనబడినది. బండ లాగు బాటను కొందరు చదును చేయుచున్నారు. చూడవచ్చు వారి కొరకు మరికొందరు గుంజలు పాతి తాటాకు పందిరి వేయుచున్నారు. ఎడ్లకని తెచ్చిన చొప్ప, వరిగడ్డి పందిరి క్రిందనే కుప్పలుగా పడియున్నవి. ఆ గడ్డి ప్రక్కన నిలిచి ఒక కుర్రవాడు బీడీ వెలిగించబోగా, గట్టుమీద కూర్చున్న పెద్దాయన కేక వేసినాడు.

“ఒరేయ్ అబ్బాయ్! అవతలికి పోయి కాల్చుకో. నిప్పుకు పగోడు అక్కర్లేదురా, గడ్డి ఉంటే చాలు.”

కుర్రవాడు సిగ్గుపడి అవతలికి పోయినాడు. పెద్దాయన మాట మాత్రము మాచర్ల దాటువరకు మమ్ము విడువలేదు. కోడిపందెములో పుట్టిన అనుమానము కత్తుల వరకు పోయిన కథను తరతరములుగా విన్న సీమ పల్నాడు. అట్టి సీమలో ఒక రైతు, నిప్పునకు పగవానితో పనిలేదని ఎంత తేలికగా చెప్పినాడు! ఎక్కడనైనను మంట లేచినదనగానే, ఏది అంటుకొన్నదని అడుగుటకు ముందు ఎవరు అంటించినారని అడుగుట మానవస్వభావము. జనము పోగగు క్రీడాస్థలములో మంట లేచినచో ఈ ప్రశ్న మరింత బిగ్గరగా వినబడును. చరిత్రలో అట్టి మంటలు కొన్ని కలవు. వానిని గూర్చి లోకము చేసిన ఊహలను ఆ పెద్దాయన మాటతో తూచి చూడవలెనని మాకు తోచినది.

మొదటిది అన్నిటికంటె ప్రసిద్ధమైనది. క్రీస్తుశకము 64వ సంవత్సరము జూలై 18వ తేదీ రాత్రి రోము నగరములో నిప్పు పుట్టినది. నగరము కాలిన సంగతి అందరు ఎరిగినదే కాని, ఆ నిప్పు పుట్టిన చోటు ఒక క్రీడారంగమని ఎరిగినవారు తక్కువ. దాని పేరు సర్కస్ మాక్సిమస్. పేరులో సర్కస్ ఉన్నను అది డేరా కాదు. గుర్రములు పూన్చిన రథములకు పరుగుపందెములు జరుగు విశాలమైన బయలు. పాలటైన్, కీలియన్ కొండలవైపు దాని కొసను ఆనుకొని అంగళ్ళు ఉండెడివి. ఆ అంగళ్ళలో సులువుగా మండు సరకులు నిలువయున్నవి. నిప్పు అక్కడ రాజుకొని, గాలి తోడు కాగా, క్రీడారంగము పొడుగునా ప్రాకినది. ఆరు దినములు మండి, ఆరినట్లే ఆరి మరల లేచినది. నగరమందలి 14 విభాగములలో 3 నేలమట్టమైనవి. 7 విభాగములలో కాలిన శిథిలములు మిగిలినవి. చెక్కుచెదరక నిలిచినవి 4 మాత్రమే.

మంట చల్లారకముందే ఊహలు బయలుదేరినవి. చక్రవర్తి నీరోయే నగరమును తగులబెట్టించినాడని కొందరు అన్నారు. నగరము మండుచుండగా అతడు ట్రాయ్ పట్టణ దహనమును గూర్చి పాడినాడని మరికొందరు అన్నారు. నిప్పు పుట్టిన వేళ అతడు రోములో లేడు. సముద్రతీరమున ఆంటియములో ఉన్నాడు. తిరిగి వచ్చి నిరాశ్రయులకు తన తోటలు తెరిపించినాడు, ధాన్యము ధర తగ్గించినాడు. ఐనను వదంతి తగ్గలేదు. నేడు లోకము నోట నానుచున్న ఫిడేలు ఆనాటికి పుట్టనే లేదు; పదునైదు శతాబ్దముల తరువాతి వాద్యము అది. ప్రమాదమునాటికి బాలుడైన టాసిటస్ అను చరిత్రకారుడు, సుమారు అర్ధశతాబ్దము గడచిన పిదప, ఇది దైవవశమున జరిగినదో చక్రవర్తి కుట్రవలన జరిగినదో తేలలేదనియు, రెండు విధములుగాను వ్రాసినవారు ఉన్నారనియు చెప్పినాడు. తరువాత వ్రాసిన సుటోనియస్, డియో కాసియస్ అను వారికి ఆ సందేహము కూడ లేదు. నేరము నీరోదే అన్నారు. సంఘటనకు దూరమైన కొలది ఊహ బలపడుట ఇచ్చట గమనింపదగిన విషయము.

తనపై పడిన నిందను తప్పించుకొనుటకు నీరో వేరొకరిని వెదకినాడు. అప్పటికి కొద్దిమందియై, జనులకు గిట్టనివారుగా నున్న క్రైస్తవులు దొరికినారు. కొందరిని జంతుచర్మములు కప్పి కుక్కలచేత చీల్పించినారు, కొందరిని శిలువ వేసినారు, కొందరిని రాత్రివేళ దివిటీలవలె మండించినారు. ఎవరు కాల్చినారన్న ప్రశ్నకు రోము చెప్పుకొన్న సమాధానము ఇది.

ఐతే అదే నీరో అదే నగరమునకు మరియొక సమాధానము కూడ చెప్పినాడు. వీధులు వెడల్పు చేయవలెను. ఇంటికి ఇంటికి నడుమ ఉమ్మడి గోడ ఉండరాదు. కట్టడములలో కొంతభాగము దూలములు లేక, నిప్పునకు ఓర్చు రాతితో కట్టవలెను. ప్రతి ఇంటి ముంగిట మంట ఆర్పు సాధనములు సిద్ధముగా ఉంచవలెను అని శాసించినాడు. ఈ రెండవ సమాధానము ఏది కాలినదన్న ప్రశ్నకు సంబంధించినది. మొదటి సమాధానము నిరపరాధుల ప్రాణములు తీసినది. రెండవది తరువాతి తరముల ప్రాణములు కాపాడునది.

రోములోనే 217వ సంవత్సరమున కొలోసియమునకు నిప్పు అంటుకొన్నది. ఈసారి మనుష్యులపై అనుమానము లేదు. పిడుగు పడినదని ఆనాడు జీవించియున్న డియో కాసియస్ వ్రాసినాడు. పిడుగు పడిన దినము రోమకుల అగ్నిదేవుడైన వల్కన్ పండుగ. ఇంకేమి, చక్రవర్తి మాక్రినస్ పతనమునకు ఇది అపశకునమన్నారు. మరుసటి ఏడు అతడు పదవిని, ప్రాణమును కోల్పోవుటతో శకునము స్థిరపడినది. రాతి కట్టడమేల కాలినదని అడిగినవారికి సమాధానము పై అంతస్తులో ఉన్నది. అక్కడి ఆసనములు కొయ్యవి. పిడుగు ఎవరి పంపున వచ్చినదైనను, అది పట్టుకొనుటకు కొయ్య కావలసివచ్చినది.

పదునెనిమిది శతాబ్దములు కడచి మన కాలమునకు వత్తము. 1985 మే 11వ తేదీన ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణమున వ్యాలీ పెరేడ్ అను ఫుట్‌బాల్ మైదానము పండుగవలె ఉన్నది. మూడవ శ్రేణిలో విజేతలైన స్థానిక జట్టువారు ఆ దినము కప్పు అందుకొని, లింకన్ జట్టుతో ఆడుచున్నారు. మొదటి సగము ముగియు వేళ కొయ్యతో కట్టిన పాత ప్రేక్షకశాలలో ఒక మూల పొగ కనబడినది. నాలుగైదు నిమిషములలో ప్రేక్షకశాల అంతయు మంటయై పోయినది. 56 మంది మరణించినారు. 265 మందికి తక్కువ కాకుండ గాయపడినారు. వెనుక ద్వారములవైపు పరుగెత్తినవారికి తలుపులు మూసియున్నవి. మైదానమునకు అడ్డుకంచె లేకుండుటచే ముందుకు దూకినవారిలో పెక్కుమంది బ్రతికినారు.

అది ఇంగ్లండు ఫుట్‌బాల్ మైదానములలో అల్లరిమూకలు చెలరేగిన కాలము. ఆ దినముననే బర్మింగ్‌హామ్ మైదానములో అల్లర్లు జరిగి ఒక బాలుడు మరణించినాడు. కనుక ఎవరో పొగబాంబు విసరినారన్న ఊహ పుట్టుటలో ఆశ్చర్యము లేదు. న్యాయమూర్తి పాపుల్‌వెల్ విచారణలో తేలినది వేరు. నేల పలకల సందులనుండి ఒక అగ్గిపుల్లయో సిగరెట్టు తునకయో క్రింద పడినదనియు, అక్కడ ఏండ్ల తరబడి పేరుకొన్న కాగితములు, చెత్త అంటుకొన్నవనియు ఆయన నిర్ణయించినాడు. ఆ చెత్తలో 1968 నాటి వార్తాపత్రిక దొరికినది. 1971లో బ్రిటను విడిచిన పాత నాణెముల లెక్కలో ధర ముద్రించిన పల్లీల పొట్లము దొరికినది. అనగా పదునేడు సంవత్సరములుగా ఆ నిప్పునకు మేత సిద్ధమగుచునే ఉన్నది. సిగరెట్టు తునక పడినచో ప్రమాదము కలుగవచ్చునని స్థానికాధికారులు అంతకు పూర్వపు ఏడాదియే క్లబ్బునకు జాబు వ్రాసియున్నారు. కప్పు మార్చుటకు ఉక్కు దూలములు వచ్చి మైదానము బయట ఉన్నవి. మరి రెండు దినములకు పని మొదలు కావలసియున్నది. క్రీడాస్థలముల భద్రతకై 1975లో చేసిన చట్టము అప్పటికి మూడవ శ్రేణి మైదానములకు వర్తింపలేదు.

కథ అక్కడితో ముగియలేదు. ఆ మంటలో తండ్రిని, తమ్ముని, పినతండ్రిని, తాతను కోల్పోయి, పండ్రెండవ ఏట తాను మాత్రము బయటపడిన మార్టిన్ ఫ్లెచర్ 2015లో ఒక గ్రంథము ప్రకటించినాడు. క్లబ్బు అధిపతికి సంబంధించిన వ్యాపార స్థలములలో పూర్వము పలుమారులు అగ్నిప్రమాదములు జరిగినవనియు, ఆ సంగతి విచారింపవలసినదనియు ఆయన వాదము. ప్రమాదము బుద్ధిపూర్వకముగా చేసినదనుటకు ఆధారము లేదని పాపుల్‌వెల్ తన నిర్ణయముననే నిలిచినాడు. ఒక్క దినమున నలుగురిని పోగొట్టుకొన్నవానికి ప్రశ్నించు హక్కు లేదనుటకు మాకు నోరు రాదు. దోషి ఉన్నచో వానిని వెదకుట న్యాయమే. ఐనను ఒక సంగతి నిలిచియున్నది. అగ్గిపుల్ల ప్రమాదవశమున పడినను, పడవేసినను, క్రింద చెత్త లేనిచో అది నేలమీద ఆరిపోయెడిది. తలుపులు తెరచియున్నచో మరణించినవారిలో పెక్కుమంది ఇల్లు చేరెడివారు.

మన ఇంటి ముంగిటి సంగతి కూడ చెప్పుకొనవలెను. 2022 అక్టోబరు 23, ఆదివారము, దీపావళికి ముందటి దినము. విజయవాడ గాంధీనగరములోని జింఖానా మైదానమున వేసిన బాణసంచా అంగళ్ళలో నిప్పు పుట్టి ఇద్దరు మరణించినారు. ఆటస్థలము, అంగళ్ళు, మండు సరకులు: రోము నాటి చిత్రమే మరల కన్నులకు కట్టినది. వ్యాపించినది చిన్న మేర. పోయిన ప్రాణములు మాత్రము చిన్నవి కావు.

ఇట్టి వార్తలు వచ్చినపుడు మావంటివారు చేయు తప్పును ఒప్పుకొనుట మంచిది. వార్త చదువుటకు పది నిమిషముల వ్యవధి ఉండును. కారణము ఇంకను తెలియదు. శ్రోతలకు ఏదో ఒకటి చెప్పవలెను. అప్పుడు మా కలము తనంత తానే “షార్ట్ సర్క్యూట్ కారణమని భావించుచున్నారు” అని వ్రాయును. ఎవరు భావించినారని మమ్ము అడిగినవారు లేరు, మేమును అడుగుకొనలేదు. ఇన్నేండ్ల ఉద్యోగములో ఆ వాక్యమును ఎన్నిమారులు వ్రాసినామో లెక్కలేదు. ఆ పిదప విచారణలో ఏమి తేలినదో కనుగొని మరల చెప్పిన సందర్భములను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. మేము విడిచిన ఆ ఖాళీలోననే వదంతి ఇల్లు కట్టుకొనును.

నకరికల్లునుండి బయలుదేరిన ఆ సాయంకాలము మేము నాగార్జునసాగరము ఒడ్డున అనుపు చేరినాము. కొలోసియము కాలిన కాలమునకు ఇంచుమించు సమకాలముననే ఇక్ష్వాకు రాజులు విజయపురిని ఏలినారు. వారి నగరములోని క్రీడారంగము 1954–60 నడుమ జరిగిన నాగార్జునకొండ త్రవ్వకములలో బయటపడినది. జలాశయములో మునిగిపోకుండ దానిని అనుపులో మరల నిలిపినారు. నడుమ చదరపు బయలు, నలువైపుల మెట్లవరుసలు. అందులో మల్లులు పోరినారో, నటులు ఆడినారో పండితులు ఇంకను చర్చించుచునే ఉన్నారు. అదే లోయలో రోమను బంగారు నాణెములు కూడ దొరికినవి కనుక, ఆ దూరనగరముతో మనవారికి రాకపోకలు ఉన్నవనుటలో సందేహము లేదు.

మేము ఆ మెట్లపై కూర్చుండి చూచినాము. ఇటుక, రాయి, మెట్ల క్రింద నిప్పు జారిపడు సందు లేదు. ప్రక్క వరుసలో ఎవరో విహారయాత్రికుడు వెలిగించిన అగ్గిపుల్ల రాతిమీద పడి, ఒక గీత నలుపు మిగిల్చి ఆరిపోయినది. తిరుగుదారిలో చీకటి పడినది. నకరికల్లు దగ్గర కారు వెలుతురులో ఆ పందిరి మరల కనబడినది. క్రిందనున్న గడ్డిని ఎవరో తీసి, చేని అవతలి గట్టున కుప్ప వేసినారు.