పరాసుపేట నుంచి వలందపాలెం దాకా

మచిలీపట్నంలో ఆటో ఎక్కి పరాసుపేట అంటే పరాసుపేటలో దింపుతారు. వలందపాలెం అంటే వలందపాలెంలో దింపుతారు. ఇంగ్లీషుపాలెం కూడా ఉంది. కరెంటు బిల్లుల మీదా పెళ్లి శుభలేఖల మీదా ఈ పేర్లు రోజూ అచ్చవుతూనే ఉంటాయి. పరాసులంటే ఫ్రెంచివాళ్లనీ, వలందులంటే హాలండు నుంచి వచ్చిన డచ్చివాళ్లనీ ఎరిగి పలికేవాళ్లు మాత్రం తక్కువ. ఒకరి సరుకు మీద ఒకరు కన్నేసి, ఒకరి కోట మీద ఒకరు గుళ్లు పేల్చుకున్న మూడు జాతులవాళ్లు చివరికి ఒకే పోస్టుమాన్ తిరిగే మూడు చిరునామాలై సర్దుకున్నారు.

అసలు ఊరి పేరే అలాంటిది. మచిలీపట్నానికి వాడుక పేరైన బందరు అంటే పారసీలో రేవు. ఓడల రాకపోకలు ఆగి ఎన్నో ఏళ్లయినా చుట్టుపక్కల జనం ఈ ఊరిని ఇంకా రేవు అనే పిలుస్తున్నారు.

బందరు గొప్పేమిటని అడిగితే లడ్డు, హల్వా, చిలకలపూడి రోల్డుగోల్డు నగలు అంటారు. కాస్త పాత సంగతులు తెలిసినవాళ్లయితే 1902లో మొదలైన కృష్ణాపత్రిక పేరు, 1923లో పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు పేరు చెబుతారు. ఇవన్నీ సభల్లో, సంచికల్లో బాగానే చెప్పుకున్నారు. దానికి ముందు మూడు వందల ఏళ్ల బందరు కథే గల్లంతయింది. ఆ కాలపు కాగితాలు హేగ్‌లో, లండన్‌లో భద్రంగా ఉన్నాయి. ఊళ్లో మిగిలినవి పేటల పేర్లు, కోట శిథిలాలు, డచ్చి సమాధుల మీద చెక్కిన వంశ చిహ్నాలు.

నేత బట్టకు ఈ తీరం ఎంత పాతదో చెప్పడానికి ఒక్క ముక్క చాలు. మొదటి శతాబ్దపు గ్రీకు నౌకాయాన గ్రంథం పెరిప్లస్ ఈ ప్రాంతాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నబట్ట విరివిగా తయారవుతుందని చెప్పింది. రేవు దశ తిరిగింది మాత్రం గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో. అరకాన్, పెగూ, అచే, పర్షియా, ఎర్ర సముద్రం వైపు ఇక్కడి నుంచి ఓడలు కదిలేవి. ఇరాన్ నుంచి వచ్చిన వర్తకులు ఇక్కడే కాపురాలు పెట్టారు. తర్వాతి కాలంలో దక్కను రాజకీయాలనే మలుపు తిప్పిన మీర్ జుమ్లా కూడా 1630లలో ఈ రేవు మీద అధికారం చలాయించి, సొంత ఓడలు నడిపి డబ్బు గడించినవాడే.

ఇంత పేరున్న రేవు చూపుకి మాత్రం ఆనేది కాదట. 1618 నుంచి 1622 దాకా ఇక్కడ ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్‌వోల్డ్, ఇది చిన్న ఊరే కానీ జనం కిక్కిరిసి ఉంటారనీ, చుట్టూ గోడ లేదనీ, ఇళ్లు నాసిరకమనీ, నీళ్లు ఉప్పగా ఉంటాయనీ రాశాడు. నీళ్ల సంగతి ఇప్పటి బందరువాళ్లు కూడా కాదనరు. ఊళ్ల మీద అధికారాన్ని ఎక్కువ పాట పాడినవాడికి ఏడాదికింతని గుత్తకిచ్చేవారనీ మెత్‌వోల్డే చెప్పాడు. సర్కారుకు కట్టాల్సింది కట్టి, తనకు మిగుల్చుకోవాల్సింది మిగుల్చుకోవాలంటే అధికారి ఎవరినో ఒకరిని పిండక తప్పదు. విదేశీ వర్తకుల బాకీలు ఎగ్గొట్టడం అందులో ఒక దారి.

ఒకసారి ఆ దారి వికటించింది.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తరఫున గ్లోబ్ అనే ఓడ 1611లో బందరుకు వచ్చింది. అందులో వచ్చిన ముఖ్య వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ ఇంగ్లీషువాడు కాదు, డచ్చివాడు. అంతకు ముందు వలందుల కంపెనీలో పనిచేసి ఈ తీరం లోతుపాతులు ఎరిగినవాడు. సయాం వైపు వెళ్లి వ్యాపారం చేసుకుని తిరిగి వచ్చాడు. 1614లో బందరు విడిచి ఇంటిదారి పట్టే వేళకు ఊరి అధికారి నుంచి అతనికి పెద్ద బాకీ రావాల్సి ఉంది. రేపు మాపు అంటూ అధికారి జరుపుతున్నాడు. ఓడకు గాలి అదను దాటిపోతోంది. ఫ్లోరిస్ తన మనుషులతో సుంకపు చావడికి వెళ్లి, అక్కడ ఉన్న అధికారి కొడుకును పట్టుకుని, పడవలో వేసుకుని నడిసముద్రంలో నిలిచిన ఓడకు చేర్చాడు. డైరీలో ఆ కుర్రవాడి పేరు తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. మనకు వినిపించేది వెంకటాద్రి.

వెంకటాద్రి బ్రాహ్మడు. స్వహస్తంతో వండుకున్నది తప్ప పరుల ఇంట పచ్చి మంచినీళ్లయినా ముట్టని ఆచారం. తెల్లవాళ్ల ఓడలో ఏం తింటాడు? పస్తు పడుకున్నాడు. ఫ్లోరిస్‌కు జాలేసింది. ఇద్దరు పెద్ద మనుషులైన తురకలు బదులుగా ఓడ మీదికి వస్తే ఇతన్ని వదిలేస్తానన్నాడు. ఒక్కరూ రాలేదు. పస్తు సాగింది. చివరికి తండ్రి బాకీ తీర్చాడు, కొడుకు ఒడ్డుకు చేరాడు. ఫ్లోరిస్ దీన్ని తన చాకచక్యంగానే రాసుకున్నాడు, మరుసటి ఏడాది లండన్ చేరి కొద్దికాలానికే పోయాడు. ఇల్లు చేరిన వెంకటాద్రి ఆ పూట ఏం చెప్పాడో, ప్రాయశ్చిత్తం ఏమైనా చేయించారో తెలుగులో ఎవరూ రాసిపెట్టలేదు. ఈ ఊరి చరిత్రకు పట్టిన అసలు జబ్బు ఇదే. బాకీ వసూలు చేసుకున్నవాడి డైరీ ఉంది, పస్తున్నవాడి మాట లేదు. కాబట్టి పరాయివాడి కాగితాన్ని తిరగేసి చదువుకోవాల్సిందే.

అలా తిరగేస్తే ముందుగా కనిపించేది ఎరుపు.

బందరు అద్దకం బట్టలకు దేశదేశాల్లో గిరాకీ తెచ్చింది చిరివేరు రంగు. చిరివేరు మొక్క చూస్తే గడ్డిపరక లాంటిది. దాని వేరు దారమంత సన్నగా ఇసుకలోకి లోతుగా దిగుతుంది. కృష్ణ ముఖద్వారం దగ్గరి ఇసుక నేలల్లో, నిజాంపట్నం వైపు దొరికే వేరు శ్రేష్ఠమని ఆనాటి విదేశీయులు కూడా గుర్తించారు. వేరును ఎండబెట్టి, పొడి చేసి, నీళ్లలో కాచి అందులో బట్టను ఉడికిస్తారు. కానీ బట్ట అంతా ఎర్రబడకూడదు, పువ్వు ఉన్నచోటే ఎర్రబడాలి. కిటుకంతా అక్కడే ఉంది. ముందు కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో బట్టను ముంచి ఆరబెడతారు. ఎరుపు కావాల్సినచోట పటిక నీళ్లతో గీస్తారు. పాత ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవం నలుపుకి. పటిక అంటినచోట ఎరుపు కరుచుకుంటుంది, అంటనిచోట పట్టు చిక్కక, పారే నీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తుంటే పోతుంది. గీసేటప్పుడు ఆ పటిక గీత సరిగ్గా కనపడను కూడా కనపడదు. పనివాడు కంటికి ఆనని బొమ్మను వేసి, కాగులో అది పైకి తేలేదాకా కాచుకోవాలి.

ఈ పనికి కలంకారీ అని పారసీ పేరు పెట్టడంలోనే కొనేవాళ్లెవరో తెలుస్తుంది. ఇరాన్ అభిరుచికి తగ్గట్టు తీగలూ మిహ్రాబు కమానులూ, యూరప్ మంచాల మీదికి పూలచెట్ల దుప్పట్లు, తూర్పు దీవులకు మరో రకం. సుగంధ ద్రవ్యాల దీవుల్లో వెండి కన్నా కోరమాండల్ గుడ్డే బాగా చెల్లేది. వలందులు 1606 నాటికే గోల్కొండ ఫర్మానాతో ఇక్కడ దుకాణం తెరిచింది అందుకే. ఇక్కడ బట్ట కొనాలి, అక్కడ జాజికాయో లవంగమో మార్చుకోవాలి.

ఆ గుడ్డలు ఎక్కడెక్కడ తేలాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఇండోనేషియా సులవేసి కొండల్లోని తొరాజా జనం భారతదేశపు అద్దకం బట్టలను పూర్వీకుల ఆస్తిగా దాచి, పండగలకూ కర్మకాండలకూ బయటికి తీస్తారు. జపాన్‌లో సరస అని పేరు పెట్టుకుని ముక్క ముక్కా పొదుపుగా వాడుకున్నారు. ఏలూరు, బందరు వైపు తివాచీల నేత కూడా ఉండేది. వలందుల ఓడలెక్కిన 17వ శతాబ్దపు దక్కను తివాచీలు క్యోటో నగరంలో గియాన్ ఉత్సవ రథాలకు అలంకారంగా నేటికీ ఉన్నాయి. ఇంగ్లండులోనైతే గొడవలే అయ్యాయి. హిందుస్తానీ అద్దకాలు కట్టుకుని వీధిలోకి వచ్చిన ఆడవాళ్ల మీద 1719లో లండన్ నేతగాళ్లు ఎగబడి బట్టలు చింపారు. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1721లో వీటి మీద నిషేధం పెట్టాయి. బందరు దగ్గరి పెడన పక్క పొలంగట్టున చిరివేరు తవ్విన మనిషికి ఈ అల్లరి చెవిన పడి ఉండదు, ఆర్డర్లు తగ్గినప్పుడు మాత్రం సెగ తగిలి ఉంటుంది.

సెగ అంటే కరువుల సంగతీ చెప్పాలి. 1630ల మొదట్లో కరువు విరుచుకుపడితే నేతగాళ్లూ చాకళ్లూ చనిపోయి బట్ట దొరకడం లేదని కంపెనీ ఉద్యోగులు ఉత్తరాలు రాశారు. వాళ్ల బెంగ బట్ట గురించి. కరువు వచ్చిన ఏళ్లలో కోరమాండల్ తీరంలో కన్నవాళ్లు అమ్ముకున్న పిల్లలూ, తమను తామే అమ్ముకున్నవాళ్లూ వలందుల ఓడల్లో బానిసలుగా బటావియా (నేటి జకార్తా) చేరారు. లడ్డు, హల్వా కబుర్లలో ఈ ప్రయాణానికి చోటు దొరకదు.

కరువు, అధికారుల గుంజుడు, వలందుల పోటీ కలిసి ఇంగ్లీషువాళ్లను ఇంకో చోటు వెతుక్కునేలా చేశాయి. అబ్దుల్లా కుతుబ్ షా 1632లో ఏటా 500 వరహాల సుంకానికి స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోమని బంగారు ఫర్మానా ఇచ్చినా మనసు కుదుటపడలేదు. దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్‌లో ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన ఒక ఇసుక దిబ్బ చూసుకుని, బందరు వచ్చి పై అధికారి ఆండ్రూ కోగన్‌తో మాట్లాడి ఒప్పించాడు. ఆ ఇసుక దిబ్బే చెన్నపట్నం. 1641లో కంపెనీ తీరప్రాంత పెద్ద కార్యాలయం కూడా అక్కడికి తరలింది. మద్రాసు మనదని పోట్లాడిన రోజుల్లో ఈ సంగతి ఎవరైనా గుర్తుచేశారో లేదో కానీ, మద్రాసు ముహూర్తం పెట్టుకున్నది బందరులోనే.

ఫ్రెంచివాళ్లు ఆలస్యంగా వచ్చారు. వాళ్లకు 1669లో గోల్కొండ ఫర్మానా సంపాదించిపెట్టినవాడు మార్కారా అనే అర్మీనియన్. పని చేసిపెట్టినందుకు దక్కిన బహుమానం ఏమిటంటే, సొంత కంపెనీ పెద్దలే నేరాలు మోపి బంధించి ఫ్రాన్సుకు పంపారు, అక్కడ కోర్టుల చుట్టూ తిరిగి పోరాడుకోవాల్సి వచ్చింది. 1750లో ఫ్రెంచివాళ్లు కోట పట్టుకోవడం, 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ రాత్రి దాడితో దాన్ని లాక్కోవడం పాఠ్యపుస్తకాల్లోనే ఉన్నాయి. పుస్తకాలు చెప్పని సంగతి ఇంకొకటుంది. యుద్ధాలన్నీ సద్దుమణిగాక ఊళ్లో ఒక చిన్న జాగా ఫ్రాన్సుకే మిగిలింది. దాన్ని భారతదేశానికి అప్పగించింది 1947 అక్టోబరు 6న. అంటే ఆగస్టు 15న ఊరంతా జెండా ఎగరేసి మిఠాయిలు పంచుకున్నాక ఇంకో 52 రోజులు బందరులో ఒక తునక కాగితాల మీద ఫ్రెంచి నేలే. ఆ జెండాకు రూపం ఆలోచించిన పింగళి వెంకయ్య పుట్టిన భట్లపెనుమర్రు ఇక్కడికి ఎంతో దూరం కూడా కాదు.

బందరులో ఒక తెల్లవాళ్ల కథ మాత్రం మరుపున పడలేదు. పాటర్ అనే సైనికాధికారి, అరబెల్లా అనే యువతి ప్రేమించుకున్నారనీ, పెళ్లి కాకుండానే ఆమె చనిపోతే చర్చి స్థలంలో పూడ్చడానికి పాదిరి ఒప్పుకోలేదనీ, పాటర్ ఆమె సమాధి మీదే సెయింట్ మేరీస్ చర్చి కట్టించాడనీ చెబుతారు. అద్దాల పెట్టె, చెక్కుచెదరని దేహం వంటి చేర్పులూ ఉన్నాయి. పత్రికలు ఏడాదికోసారి ఈ కథను దుమ్ము దులుపుతాయి. మంచి కథే. కానీ ఇదే ఊళ్లో వేలమంది సమాధి కూడా లేకుండా పోయిన రాత్రి గురించి దానిలో పదో వంతు కూడా మాట్లాడరు.

అది 1864 నవంబరు 1. రాత్రి పూట తుపాను గాలి సముద్రాన్ని ఊరి మీదికి తోసింది. పోటు మట్టం కన్నా 13 అడుగులు ఎత్తున అల లేచిందని రికార్డులు చెబుతున్నాయి. పట్నంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ సుమారు 30,000 మంది చనిపోయారు. ఉప్పునీరు నిలిచి చెరువులూ బావులూ చెడిపోయాయి. సముద్రం ఒడ్డునే ఉన్న కోట మళ్లీ కోలుకోలేదు. రేవు అప్పటికే చిక్కిపోయి ఉంది. తీరం దగ్గర లోతు లేక ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేస్తే, సరుకును పడవల మీద చేరవేయాల్సి వచ్చేది. పొరుగున దివిసీమను 1977లో ముంచిన ఉప్పెనకు స్మారకాలున్నాయి, ఏటా నివాళులున్నాయి. దానికి 113 ఏళ్ల ముందు వచ్చిన ఈ ఉప్పెన చెప్పుకునే తాతలు లేక చల్లారిపోయింది.

ఊరు బతికింది. పెడనలో అద్దకం కూడా బతికింది, కలం స్థానంలో టేకు చెక్క అచ్చులు వచ్చాయి. బల్ల మీద పరిచిన బట్టపై అచ్చును ఆనించి, అరచేతి మడమతో ఒక్క పోటు పొడిచి, ఎత్తి, అంచుకు అంచు కలిపి మళ్లీ పొడుస్తారు. చిరివేరు బదులు చాలాకాలంగా మందుకొట్టు అలిజరిన్ వాడుతున్నారు. కరక్కాయ నీళ్లకు పచ్చబారిన బట్ట, కాగు, ఎండ, పారే నీళ్లు అవే.

2023 మేలో తీరాన మంగినపూడి, తపసిపూడి వైపు కొత్త ఓడరేవు పని మొదలైంది. లారీల్లో కొండరాళ్లు తెచ్చి సముద్రంలో గోడ కడుతున్నారు, ఓడ ఒడ్డు దాకా రావడానికి అడుగున ఇసుక తోడుతున్నారు. గ్లోబ్ ఓడ ఆ ఇసుక మూలంగానే లోపలికి రాలేక, ఇదే తీరానికి ఎదురుగా, పస్తున్న వెంకటాద్రితో నీళ్ల మీద నిలిచింది.