రంగం జాడీ

కొంచెం ఎడంగా కూర్చోండర్రా, నిప్పురవ్వలు పడతాయి. మధ్యాహ్నం ఆవకాయ తీసిన ఆ గోధుమరంగు జాడీ ఉంది చూశారూ, మా అయ్య రంగం నుంచి, అదే బర్మాలోని రంగూన్ నుంచి, తెచ్చింది అది. విశాఖలో 1933లో రేవు తెరిచాక కూడా మనవాళ్ళకి కూలి డబ్బులంటే రంగమే. ఇక్కడా కాకినాడలోనూ ఓడెక్కి పోయేవాళ్ళు, అక్కడ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు అందరూ లుంగీలో, లక్కపెట్టెలో తెస్తే, మా అయ్య గడ్డి చుట్టిన జాడీ భుజానేసుకుని దిగాడట.

దాని మెడ కింద మెలికలు తిరిగినది పాము కాదు, చీనావాళ్ళ డ్రాగన్. పచ్చిమట్టి మీదే పుల్లతో గీసి, పైన పూత పోశారు. ఆ పూత బట్టీలో కరిగి, గాజులా జారి, అడుక్కి రెండు వేళ్ళ ఎత్తున ఆగిపోయింది. అడుగు మాత్రం గరుకు. పూత అక్కడిదాకా దిగితే జాడీ బట్టీకి అతుక్కుపోతుంది మరి! మన కుమ్మరి ఆవంలో కాలిన కుండలో ఉప్పు ఊరేస్తే చెమ్మ బయటికొచ్చి పెచ్చులూడతాయి. ఇదేమో 1200 డిగ్రీల దగ్గర కాలింది. మట్టి రాయైపోయింది, ఉప్పు లోపలికి ఎక్కదు.

ఇలాంటివి కొన్ని దక్షిణ చైనాలో చేసినవి, కొన్ని బర్మాలోనే కాల్చినవి. మార్తబాన్ రేవు మీదుగా పోయేవి కాబట్టి అన్నిటికీ ఆ పేరే. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా అనే బాటసారికి ఓ రాజకుమార్తె ఓడ ప్రయాణం కోసం నాలుగు మార్తబాన్ జాడీలు ఇచ్చింది. వాటినిండా ఉప్పులో ఊరేసిన అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి! బళ్ళో పాఠం చెబుతూ ఈ ముక్క దగ్గరికొస్తే నాకు ఒళ్ళు పులకరించేది. చైనా సరుకు మన ఒడ్డుకీ కొత్త కాదు. మోటుపల్లిలో, నెల్లూరు వైపు కొత్తపట్నంలో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. వాటిని వెతుక్కుంటూ జపాన్ నుంచి కరషిమా నొబోరు అనే చరిత్రకారుడు వచ్చాడు. పగిలిన పెంకు కోసం అంత దూరం వచ్చిన మనిషికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఆ జపాన్ విమానాలే 1941 డిసెంబరులో రంగం మీద బాంబులేశాయి. అక్కడి మనవాళ్ళు ఎందరో ఇల్లూ వాకిలీ వదిలి అరకాన్ కొండల మీదుగా నడిచొచ్చారు. ప్రాణాలు దక్కితే చాలనుకుంటే జాడీలెవరు మోస్తారు? 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీదా బాంబులు పడ్డాయి. ఊరు పల్లెలకి పరుగెత్తింది. మా అమ్మ జాడీని పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టింది, నగలు మాత్రం కొంగున కట్టుకుంది. తిరిగొచ్చి తవ్వితే, చెవి ఒకటి అంచు విరిగింది, అంతే.

ఒరే చిన్నోడా, రేపు దాన్ని చెవులు పట్టుకుని ఎత్తకు. అవి మూతిగుడ్డకి తాడు కట్టడానికే. అడుక్కింద రెండు చేతులూ పెట్టి ఎత్తు.