ఫిసల్‌బండ టైమ్‌స్టాంపు

మొన్నామధ్య ఆఫీసులో సర్వర్ డిస్కు నిండిపోయింది. "పాత లాగులు పీకెయ్, ఎవడు చూస్తాడు?" అన్నాను జూనియర్‌తో. పీకేశాడు. వారం తిరక్కుండానే అవే కావాల్సొచ్చి లబోదిబోమన్నాం. ఆ బాధలో ఉండగానే మన పాతబస్తీలోని ఫిసల్‌బండ కథ గుర్తొచ్చింది.

ముందు కాస్త ఫిజిక్సు. నక్షత్రాల్లో మూలకాలు ఎలా పుడతాయో తెలుసుకోడానికి ల్యాబుల్లో అణుకేంద్రకాలను ఢీకొట్టిస్తారు. బయటికొచ్చిన కణం ఏదో పట్టుకునే పద్ధతుల్లో ఒకటి టైమ్ ఆఫ్ ఫ్లైట్. దారిలో రెండు డిటెక్టర్లు. మొదటిది దాటితే గడియారం మొదలు, రెండోది దాటితే ఆగుతుంది. దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం, ద్రవ్యవేగం కూడా తెలిస్తే ద్రవ్యరాశి. అంతా నానోసెకన్ల వ్యవహారం.

మన హైదరాబాదు కూడా ఇలాంటి లెక్కే చేసింది. కాకపోతే స్టార్టుకీ స్టాపుకీ మధ్య కొన్ని దశాబ్దాలు!

1901లో నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల టెలిస్కోపు కొని, ఫిసల్‌బండలో అబ్జర్వేటరీ పెట్టారు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకి మార్చింది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీయాలని 1887లో పారిస్‌లో ఒక ప్రాజెక్టు మొదలైంది. దేశదేశాల అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో వదిలేసిన దక్షిణ 17-23 డిగ్రీల పట్టీ మనవాళ్లు తీసుకున్నారు, తర్వాత ఉత్తరాన ఇంకోటి. పోకాక్, ఆయన తర్వాత టి.పి.భాస్కరన్ ఆధ్వర్యంలో గాజుపలకల మీద ఒక్కో చుక్కనీ కొలిచి పుస్తకాలకెక్కించారు. మొత్తం 7 లక్షలకు పైగా నక్షత్రాలు. కంప్యూటర్ల ఊసే లేని రోజుల్లో!

అది స్టార్టు. మరి స్టాపో? 1989లో ఎగిరిన హిప్పార్కస్ ఉపగ్రహం. అది కొలిచిన స్థానాల్ని ఈ పాత ప్రాజెక్టు లెక్కలతో, ఇంకా ఎన్నో కేటలాగులతో పోల్చి, సుమారు 25 లక్షల నక్షత్రాలు ఏడాదికి ఎటు, ఎంత జరుగుతున్నాయో తేల్చారు. అదే 2000లో వచ్చిన టైకో-2 కేటలాగు. బేగంపేటలో కళ్లు కాయలు కాసేలా కొలిచినవాళ్లకి ఉపగ్రహం అంటేనే తెలీదు.

ఆ మధ్య ఫిసల్‌బండ వెళ్లి ఒక చాయ్ దుకాణంలో వాకబు చేశాను. "అబ్జర్వేటరీయా? ఇక్కడేం లేదు భాయ్" అన్నాడు. తప్పు అతనిది కాదు లెండి.

నిన్న జూనియర్ మళ్లీ అడిగాడు, "అన్నా, 2019 లాగులు తీసెయ్యనా?" అని.

"ఉంచు. ఏ రోజువో తేదీ, టైమ్‌జోన్‌తో సహా రాసిపెట్టు" అన్నాను. తేదీ లేకపోతే ఆ గాజుపలకలూ ఎందుకూ పనికొచ్చేవి కావు మరి.