తేనెపెట్టె మీద మేడ

చెట్టు తొర్రలో తేనె తీయడం మీలో చాలామంది చూచే ఉంటారు. పొగబెట్టి ఈగల్ని తరిమి, పట్టంతా కోసి పిండుతారు. తేనెతోపాటు గుడ్లూ, పిల్లపురుగులూ, పుప్పొడీ దిగుతాయి. ఆ పూటకు తేనె దొరికింది. ఈగల సంసారం మాత్రం కూలిపోయింది. ఐరోపా రైతులదీ ఒకప్పుడు ఇదే దారి. గడ్డిబుట్టల్లో ఈగల్ని పెంచి, తేనె కావలసినప్పుడు గంధకం పొగతో చంపేవారు.

చంపకుండా తీసే ఉపాయం ఈగల అలవాటులోనే ఉంది. అవి పిల్లల్ని కింద, తేనెను పైన ఉంచుకుంటాయి. పైన మరో గది అమర్చితే మిగులు తేనె అందులో చేరుతుంది. ఈ సంగతి పూర్వులకూ తెలుసు. చిక్కల్లా ఒకటే: ఈగలు మూతనూ కర్రలనూ జిగురుతో అతికించేసేవి.

ఆ చిక్కు విప్పినవాడు అమెరికాలోని లాంగ్‌స్ట్రాత్ అనే పాదిరీ. కర్రలకూ మూతకూ నడుమ 3/8 అంగుళం సందు వదిలితే ఈగలు దాన్ని నడవగా ఉంచుకుంటాయని గమనించాడు. సందు తగ్గితే జిగురు పూస్తాయి, పెరిగితే పట్టు కడతాయి. అదే సందును చట్రాల చుట్టూ వదలవచ్చునని 1851లో ఆయనకు తోచింది. 1852లో పేటెంటు వచ్చింది గాని, అడగకుండానే ఆ పెట్టె చేసుకున్నవారు ఎందరో. ఆయనకు దక్కింది స్వల్పం.

1857లో జర్మనీలో మేరింగ్ మైనపు అచ్చుపలక చేశాడు. 1865లో హ్రుష్కా, చట్రాన్ని గిర్రున తిప్పి తేనె రాల్చే యంత్రం చూపించాడు. దాంతో పట్టు చెడకుండా తేనె తీసి, అదే చట్రాన్ని తిరిగి ఈగలకు ఇవ్వడం సాధ్యమైంది.

మన తొర్ర ఈగ చిన్నది. 1911-17 మధ్య దక్షిణదేశంలో న్యూటన్ పాదిరీ దానికి తగిన పెట్టె చేసి పల్లెవాళ్లకు నేర్పాడు. కింద 7 చట్రాల పిల్లగది, పైన ఎత్తు తక్కువ తేనెగది. ఇప్పటికీ దాన్ని న్యూటన్ పెట్టె అనే అంటాం.

మరి మేడ ఎప్పుడు వేయాలి? పూలు విరివిగా పూసి, పిల్లగది చట్రాలన్నీ ఈగలతో నిండి, పట్టు పైఅంచున తెల్లని కొత్త మైనం కనబడ్డప్పుడు. తొందరపడితే ఖాళీ గదిలో మైనపు పురుగు చేరుతుంది. ఆలస్యమైతే చోటు చాలక గుంపు విడిపోతుంది. అరల్లో ముప్పాతిక వంతుకు మూతలు పడ్డాకే తేనె తీయండి, పచ్చితేనె పులుస్తుంది. పిల్లగదిలోని తేనె జోలికి మాత్రం పోకండి. అది వానాకాలానికి ఈగలు దాచుకున్న గ్రాసం. మేడ మీది పంట మనది, కింది గాదె వాటిది.