చల్లపెట్టెలో ఆయుష్షు

కరెంటు పోయిందంటే మా అత్తగారు ముందు ఫ్రిజ్‌లోని పాలు తీసి పొయ్యి మీద పెడతారు. ఆ చల్లపెట్టె మీద ఆవిడకి అంత నమ్మకం! మొన్న గౌలిపురాలో అలా కరెంటు పోయిన సాయంత్రమే మా అమ్మాయి, "నానమ్మా, అమెరికాలో చనిపోయినవాళ్ళని మంచులా చేసి దాస్తారట. వైద్యం పెరిగాక లేపుతారట!" అంది.

అత్తగారు గరిటె తిప్పుతూనే మూడు ప్రశ్నలు వేశారు. "ఎవరైనా లేచారా? అసలు లేస్తారా? అందాకా కాపలా ఎవరు?"

మొదటిదానికి జవాబు సులువు. ఒక్కరూ లేవలేదు. అందరికంటే ముందు ఇలా దాచింది జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే ప్రొఫెసరుగారిని, 1967 జనవరి 12న. ఇప్పటికీ అరిజోనాలో, సున్నాకి 196 డిగ్రీల దిగువన ఉండే ద్రవ నైట్రోజన్‌లోనే ఉన్నారు.

లేస్తారా అంటారా? గడ్డకట్టిన టమాటా తీసి బయట పెట్టి చూడండి. ముద్దయిపోతుంది. లోపలి నీరు పలుకులు కట్టి కణాలను చీలుస్తుంది మరి! అందుకే ఇప్పుడు మందులు ఎక్కించి, ఒళ్ళు గాజులా బిగిసేట్టు చేస్తున్నారు. 2023లో అమెరికాలో ఒక ఎలుక మూత్రపిండాన్ని ఇలా దాచి, వెచ్చబెట్టి, మరో ఎలుకకి అమరిస్తే పనిచేసింది. మనిషి మెదడు మాట మాత్రం ఇంకా ఆమడ దూరం.

"పోయిన ప్రాణం రావడం ఉత్తమాటేనా?" అంది అమ్మాయి దిగులుగా.

పూర్తిగా ఉత్తదేం కాదు. మన నయాపూల్ అవతల, ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఉన్న చోట, పూర్వం అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. 1908 మూసీ వరద దాన్ని పొట్టన పెట్టుకుంది. క్లోరోఫారంతో రోగులు ఎందుకు పోతున్నారో తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఇక్కడ పరీక్షలు మొదలుపెట్టాడు. మరుసటేడు ఆరో నిజాం వెయ్యి పౌన్లిచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ని రప్పించాడు. వందలాది మూగజీవాల మీద పరీక్షలు జరిగాయి, పాపం. ఊపిరి ఆగిన జంతువులకు వెంటనే కృత్రిమ శ్వాస ఇస్తే ఎన్నో బతికాయి. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలని చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ చదివింది ఈ లారీ దగ్గరే!

ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కనుక ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలని లారీ తీర్పు. అది తప్పని, తక్కువ మత్తులోనూ గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగగలదని 1911లో లెవీ చూపించాడు. పరీక్షకు నిలబెట్టారు కాబట్టే తప్పు బయటపడింది. ఈ చల్లపెట్టె బేరంలోనో, సొమ్ము ముందు, పరీక్ష ఎప్పుడో!

ఇక కాపలా. కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానంలో డబ్బు అందక, నైట్రోజన్ పోసేవారు లేక, దాచిన దేహాలు పాడైపోయిన సంగతి 1979లో బయటపడింది.

"అనుకున్నా!" అన్నారు అత్తగారు పాలు దించుతూ. మామగారు పోయి ఆరేళ్ళు. కాసేపాగి ఆవిడే అన్నారు: "వందేళ్ళకి ఆయన లేచి కాఫీ అడిగితే, ఇవ్వడానికి నేనుండొద్దుటే?"

కరెంటు వచ్చింది. ఎవరం లేచి ఫ్రిజ్ తలుపు తీయలేదు.